నాతాను ఎవరి యింటికి వెళ్లెను?



వేసవి సెలవులు వచ్చెననగానే మన డెల్టా గ్రామములకు సువార్త జట్లు వచ్చుట ఇప్పుడు వాడుకయైనది. పట్టణ సంఘముల యౌవనస్థులు, కళాశాల విద్యార్థులు వ్యాను మాట్లాడుకొని వచ్చి, మూడు నాలుగు దినములు మన దేవాలయములలో బసచేసి, కూలిపనివారు ఇండ్లకు చేరు వేళకు పల్లె నడుమ దీపములు పెట్టి, స్పీకరు పెట్టెలలో పాట వేసి, మాటలు లేని చిన్న నాటకములు ఆడుచున్నారు. స్కిట్టు అని వారు దానికి పెట్టుకొన్న పేరు. తెనాలి మొదలు చుండూరు, వేమూరు, రేపల్లె వరకు ఇట్టివి అనేకములు చూచితిని. పాస్టరు చెప్పిన ప్రసంగమును ఇంటికి పోవుచు దారిలోనే విమర్శించు మనము, ఈ నాటకములను మాత్రము చప్పట్లు కొట్టి విడిచిపెట్టుచున్నాము. అది ఆ పిల్లలకు మేలు కాదు, మనకును మేలు కాదు. కనుక కొంచెము విచారింతము.

వీధిలో ఆడి చూపించుట వాక్యమునకు తగదు అనువారితో నాకు పేచీ లేదు; వారు యిర్మీయాను మరల చదువుకొనిన చాలును. ఆ ప్రవక్త మంటి కూజాను కొని, జనుల పెద్దలను యాజకుల పెద్దలను వెంటబెట్టుకొని పోయి, వారి కన్నుల యెదుట దానిని పగులగొట్టెను (యిర్మీయా 19). యెహెజ్కేలు ఇటుకమీద యెరూషలేమును గీచి, దానికి ముట్టడి వేసి, 390 దినములు ఒక ప్రక్కమీదనే పండుకొనెను (యెహెజ్కేలు 4). అగబు పౌలు నడికట్టుతో తన కాళ్లు చేతులు కట్టుకొని చూపించెను (అపొ. కార్య. 21). మన ప్రభువు గాడిదపిల్లనెక్కి పట్టణము ప్రవేశించినది వీధిలోనే గదా! నాటకము తగునా తగదా అనునది ప్రశ్న కాదు. ఏ నాటకము, ఎవరి యెదుట అనునదే ప్రశ్న.

ఈ జట్లవారు తరచుగా ఆడునది ఒకటి గలదు. లైఫ్‌హౌస్ అను అమెరికా బృందమువారు పాడిన 'ఎవ్రీథింగ్' అను ఇంగ్లీషు పాటకు అమర్చిన మూకాభినయము. అమెరికా యువజనుల మధ్య ఆడబడి, ఇంటర్నెట్టు ద్వారా లోకమంతట పాకినది. క్రీస్తు వేషమున ఒక యువకుడు ఒక బాలికకు ప్రాణమిచ్చి లేపును, నడక నేర్పును, ఇద్దరు ఆనందముతో ఆడుదురు. తరువాత ఒక చెలికాడు వచ్చును, డబ్బు వచ్చును, సీసా వచ్చును, సొగసు వచ్చును, కత్తియు వచ్చును. కడపట తుపాకి తన కణతకే పెట్టుకొనవలసిన గతి ఆ బాలికకు పట్టును. ఆమె మరల ప్రభువునొద్దకు పోజూచును. వీరందరు పట్టి లాగుదురు. అప్పుడు క్రీస్తు నడుమ దూరి, ఆ దెబ్బలు తన వీపున కాచి, ఆమెను విడిపించును.

న్యాయముగా చెప్పవలెనంటే ఇది బలమైన ఆట. పాటలో ఒక్క ముక్కయు తెలియని ముదుసలి తల్లులు కొంగుతో కన్నులొత్తుకొనుట నేను చూచితిని. ఆ బాలిక పడి లేచి, పడి లేచి ప్రయాసపడు ఘట్టము ఎవరికిని వ్యాఖ్యానము అక్కరలేనిది. మాట లేకుండ ఇంత చెప్పుట సామాన్యము కాదు. అయితే ఆట ముగిసినపిమ్మట నా మనస్సున ఒక సంగతి ముల్లువలె నిలిచినది. ఈ నాటకములో కత్తి ఎవరి చేతిలో ఉన్నది? ఆ బాలిక చేతిలోనే. ఆమెకు హాని చేయునది ఆమెయే. ఆమె ఎంచుకొన్న త్రోవలే ఆమెకు శత్రువులు. పట్టణములో ఒంటరిగా గదిలో కుమిలిపోవు విద్యార్థికి ఇది తన కథయే కావచ్చును. అతనికి ఇది సువార్తయే. చుండూరులో దీనిని ఆడినప్పుడు సంగతి వేరు.

చుండూరు సంగతి పెద్దలు మరువలేదు గాని ఇప్పటి పిల్లలకు చెప్పవలసియున్నది. 1991 జూలైలో ఆ ఊరి సినిమాహాలులో చదువుకొన్న దళిత యువకుని కాలు ముందు కూర్చున్న అగ్రకులపు యువకునికి తగిలినదని తగవు మొదలైనది. పల్లెవారికి పనులు ఆగినవి, వెలి పెట్టిరి. ఆగస్టు 6న పల్లెలోని మగవారు ప్రాణభీతితో పొలములకు పరుగెత్తగా వెంటాడి ఎనిమిదిమందిని చంపిరి. శవములు కాలువలలోను పొలములలోను దొరికినవి. వారిని సమాధిచేసిన స్థలమును రక్తక్షేత్రమని పిలుచుచున్నారు. విచారణకు ప్రత్యేక న్యాయస్థానమును ఆ ఊరిలోనే పెట్టిరి. అది 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్షయు, 35 మందికి ఒక్కొక్క సంవత్సరపు శిక్షయు విధించెను. 2014 ఏప్రిలులో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసి అందరిని విడిచిపెట్టెను.

అట్టి ఊరి పల్లెలో, దీపముల క్రింద, నీ చేతిలోని కత్తి పారవేయుము అని ఆడి చూపించినయెడల విధవలు, తండ్రి లేని పిల్లలు ఏమనుకొనవలెను? కత్తి వారి చేతిలో లేదు. పల్లెవారు పాపులు కారని నేను చెప్పుట లేదు. అందరును పాపము చేసినవారే. వేదికమీద నేను చెప్పునదియు అదే. అయినను గాయపడినవానియొద్దకు పోయి గాయము మాట ఎత్తకుండ అతని దురలవాట్లను మాత్రమే ఎంచి చెప్పుట ఏ వైద్యుడును చేయని పని. సమరయుడు దారిలో పడియున్నవానికి మొదట నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టు కట్టెను.

ఇక్కడ నాతాను ప్రవక్త జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు (2 సమూయేలు 12). ఆయనయు కథ చెప్పినవాడే. ధనవంతునికి గొఱ్ఱెలు గొడ్లు విస్తారము; దరిద్రునికి ఒక్క ఆడు గొఱ్ఱెపిల్ల. ధనవంతుడు తన మందను ముట్టక ఆ ఒక్కదానినే పట్టుకొని అతిథికి వండించెను. విన్నవాడు కోపముతో మండిపోగా, ఆ ధనవంతుడు తానేనని నాతాను అతనికి తెలియజేసెను. ఎంత చక్కని కథ! అయితే దీని బలమంతయు ఒక్క సంగతిలో ఉన్నది. నాతాను ఆ కథను దావీదు నగరులో చెప్పెను. అదే కథను తీసికొని దరిద్రుని గుడిసెకు పోయి, నీ గొఱ్ఱెపిల్లను నీవు సరిగా కట్టివేసికొనలేదు, మారుమనస్సు పొందుము అని చెప్పియుంటే అతనిని ప్రవక్త అందుమా? మన సువార్త జట్లు తెలియకయే ఈ గుడిసె త్రోవ పట్టుచున్నవని నా భయము.

ఇదే సంగతి త్రాగుబోతు నాటకమునందు మరింత తేటగా కనబడును. పల్లెలో ఆడు స్కిట్టులలో సగము త్రాగుబోతు భర్త కథలే. ఆ వేషగాడు తూలుట, పడుట, లుంగీ జారుట చూచి పిల్లలు పకపక నవ్వుదురు. చివర ఒక పాస్టరు వేషము వచ్చి ప్రార్థన చేయగా సీసా పగులును. త్రాగుడు పల్లెను కాల్చుచున్న నిప్పేనని నేను ఎరుగుదును. ఎన్ని ఇండ్లలో మోకరించితినో దేవునికి తెలియును. కాని ఆ నవ్వు నాకు నచ్చదు. పట్టణపు పిల్లవాడు పల్లెవాని యాసను, నడకను అనుకరించి పల్లెవారి యెదుటనే నవ్వించుట సాక్ష్యము కాదు.

దీనికి ప్రక్కన దూబగుంట సంగతి పెట్టి చూడుడి. నెల్లూరు జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యత ఉద్యమము జరిగినప్పుడు రాత్రి బడులలో చదువుకొను స్త్రీలకు వాచకములో సీతమ్మ కథ అను పాఠముండెను. ఊరూర కళాజాతాలు వచ్చి పాటలతోను వీధి నాటకములతోను చదువు సంగతి చెప్పినవి. ఆ పాఠము, ఆ నాటకములు తమ యింటి సంగతియేనని స్త్రీలు గ్రహించిరి. 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమందంతట సారా నిషేధింపబడినది. అక్కడను త్రాగుబోతు కథయే. అయితే త్రాగినవానిని చూచి నవ్వి ఊరుకొనలేదు. సారా పోసినవాడెవడు, పాట పాడుకొనినవాడెవడు, దానివలన ఆదాయము పొందినవారెవరు అని అడిగిరి. కథ గుడిసెలో మొదలై కలెక్టరు కచేరి వరకు పోయినది. సంఘము బయటివారు ఇట్లు చేయగలిగినప్పుడు, ప్రవక్తల గ్రంథములను ఒడిలో పెట్టుకొన్న మనము లుంగీ జారుటతో సరిపెట్టుకొనుట సిగ్గుకాదా?

ఇకను ఆట తీరును గూర్చి. ఈ ప్రాంతము నాటకమెరుగని ప్రాంతము కాదు. స్త్రీ వేషములకు పేరొందిన స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టినవాడు. ఈలపాట రఘురామయ్యది తెనాలి ప్రక్కనున్న సుద్దపల్లి. పద్యము నచ్చిన వన్స్‌మోర్ కొట్టుట, నచ్చకున్న లేచిపోవుట మన తాతలు నేర్చిన విద్య. అట్టివారి మనుమల యెదుట నల్ల చొక్కాలు, తెల్ల చేతితొడుగులు వేసికొని నిమిషములలో ముగించుకొని పోవుట వారిని తక్కువగా ఎంచుటయే. వారికి చెవులున్నవి, తీర్పున్నది.

మన చేతిలో బుర్రకథ యున్నది. పెద్దలు ఎరుగుదురు, పిన్నలకు చెప్పెదను. కథకుడు నడుమ నిలిచి, తంబుర భుజమున వేసికొని, బొటనవ్రేలి అందెలతో తాళము వేయుచు, ముందుకు వెనుకకు అడుగులు వేయుచు కథ నడుపును. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించు వంతలు ఇద్దరు. వీరిలో ఒకడు హాస్యము చెప్పును. శ్రోతలకు కలిగిన సందేహమే తనకు కలిగినట్లు అడ్డుప్రశ్న వేయును. రెండవవాడు రాజకీయము చెప్పును. కథ ఏ కాలమునాటిదైనను దానిని నేటి ఊరి సంగతికి తెచ్చి ముడివేయుట ఇతని పని. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ప్రజానాట్యమండలిలో చేరి ఈ విద్యను ఊరూర వెలిగించెను. 1986లో పద్మశ్రీ పొందెను. ఆయన మహమ్మదీయుడు, చెప్పినది పల్నాటి వీరుల కథ, కూర్చుండి విన్నది అన్ని మతములవారు.

బుర్రకథ జంగముల విద్య, శివుని కథలు చెప్పినది, మనకెందుకు అని అడుగు పెద్దలున్నారు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రీస్తు కీర్తనలు వ్రాసినప్పుడు రాగములను సీమనుండి తెప్పించుకొనలేదు. మన జనుల నాలుకమీదనున్న రాగతాళములలోనే వ్రాసిరి. ఆ కీర్తనలు ఇప్పటికిని పాడుచున్నాము. దోర్నకల్లులో 1912 నుండి 1945 వరకు బిషప్పుగానుండిన అజరయ్యగారు పల్లెజనుల పాటలను, ఆటలను ఆరాధనలోనికి రానిచ్చిరి. ఈ తగవు ఎన్నడో తీరినది.

నా ఫిర్యాదు మరియొకటి. మన క్రైస్తవ బుర్రకథలును కొన్ని విన్నాను. క్రిస్మసు రాత్రులలో, సంఘ పండుగలలో యోసేపు కథ, యెస్తేరు కథ, తప్పిపోయిన కుమారుని కథ. గొంతులు బాగున్నవి, అడుగులు బాగున్నవి. హాస్యపు వంత పందులు మేపు ఘట్టమున కడుపుబ్బ నవ్వించును. రాజకీయపు వంత మాత్రము మూగవాడు! కథకుడు చెప్పినదానికి ఔనని తల యూపి గుమ్మెట వాయించుటతో అతని పని తీరినది. మూడు రాళ్ల పొయ్యిలో ఒక రాయి తీసివేసినట్లున్నది. ఐగుప్తులో కరవు వచ్చినప్పుడు జనులు మొదట వెండి, తరువాత పశువులు, కడపట పొలములను తమ దేహములను అమ్ముకొన్నారని ఆదికాండము 47లో వ్రాయబడియున్నది. కౌలు, అప్పు అను మాటలు ఎరిగిన డెల్టా రైతుకూలీ యెదుట యోసేపు కథ చెప్పుచు ఈ ఘట్టమున రాజకీయపు వంతకు ఒక్క మాటయు దొరకలేదనగా ఏమి చెప్పుదును? నాతాను చేసిన పని ఈ వంత పనియే. అతనిని మూగవానిగా చేసి బుర్రకథ చెప్పుట కంటె ఊరక కీర్తన పాడుట మేలు.

సంఘములోనికి రాజకీయము తేవద్దని కొందరు అందురు. ఓట్ల రాజకీయమైతే నేనును వద్దనియే అందును. ఎన్నికల దినములలో కొందరు మన వేదికలెక్కి చేయుచున్నది చాలును. ఇక్కడ వంత చెప్పవలసినది పార్టీ పేరు కాదు, న్యాయము పేరు.

స్థలమును గూర్చి చెప్పవలసినది మిగిలియున్నది. నాకు ఇదియే ముఖ్యము. చుండూరులో తగవు ఎక్కడ పుట్టినది? ఆట చూచుచోట. ఎవరు ఎక్కడ కూర్చుండవలెను, ఎవరి కాలు ఎక్కడికి చాపవచ్చును అనుటలో పుట్టినది. సినిమాహాలులో బెంచీ వేరు, కుర్చీ వేరు, టిక్కెట్టు వేరు. వీధి నాటకమునకు బెంచీ లేదు, టిక్కెట్టు లేదు. నేలయే అందరికిని. ఊరివాడును పల్లెవాడును ఒకే దుమ్ములో కూర్చుండి ఒకే కథ వినగలిగిన చోటు వీధి యొక్కటే. ఇంత గొప్ప చోటు మన చేతిలోనుండగా, జట్లవారు పల్లెలో దేవాలయపు ముంగిటనే ఆడి, అదే వీధి సువార్త అనుకొని వెళ్లుచున్నారు. అది వీధి కాదు, మన యింటి ముంగిలి. ఊరి నడిబజారులో, రచ్చబండయొద్ద ఎందుకు ఆడరు? అడిగితిని. అక్కడ గొడవలగునేమో అని వారి జవాబు. భయము నిజమైనదే. దానిని నేను ఎగతాళి చేయను. అయితే పల్లెలో ఆడుట సులువు గనుక ఆడుచున్నామని ఒప్పుకొనవలెను.

1882 సెప్టెంబరు 19న సాల్వేషన్ ఆర్మీవారు నలుగురు బొంబాయిలో దిగిరి. వారి నాయకుడు ఫ్రెడరిక్ టక్కర్ ఐ.సి.ఎస్. ఉద్యోగము వదలుకొనినవాడు. దొర వేషము విడిచి, కాషాయ వస్త్రము కట్టి, తలపాగా చుట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొని, డోలు బూరలతో వీధులలో ఊరేగిరి. ప్రభుత్వము ఆ ఊరేగింపులను అడ్డగించి, జుల్మానాలు వేసి, చెరసాలకును పంపినది. స్టూవర్టుపురము ఎరిగిన బాపట్లవారికి ఈ సంస్థ క్రొత్త కాదు. వారు చేసిన సమస్తమును మెచ్చవలెనని నేననను. కాని వీధికి వచ్చుటకు వారు చెల్లించిన వెల యున్నది. మన జట్లు మూడు దినములుండి, చేతులెత్తినవారిని లెక్కించి, ఫొటోలు తీసికొని, ఇంతమంది రక్షింపబడిరని ఫోనులో పంపుచున్నారు. ఆ లెక్కలోనివారి ఇండ్లకు నాలుగవ దినమున పోవువాడు ఎవడు? ఊరి పాస్టరో, బైబిలు స్త్రీయో. వారిని ఒక్క మాట అడుగకుండ ఏ నాటకము ఆడవలెనో పట్టణములోనే నిర్ణయించుకొని వచ్చుట నాకు అసలు సమ్మతము కాదు.

నడిబజారుకు పోవువారు మరియొకటి జాగ్రత్తపడవలెను. ఇతరుల దేవతలను హేళనచేయు వేషము ఒక్కటియు ఉండరాదు. పౌలు సహవాసులు గుడి దోచినవారు కారు, దేవతను దూషించినవారు కారు అని ఎఫెసు కరణమే జనుల యెదుట సాక్ష్యమిచ్చెను (అపొ. కార్య. 19). ఊరి పెద్దలతో ముందుగా మాటలాడి, అనుమతి పొంది పోవలెను. రాజును తిట్టుటకు కాదు నాతాను పోయినది. దావీదు నిలువవలెననియే పోయెను; అతడు విని ఏడ్చెను. ఊరివారికి ఆ కథ చెప్పకపోవుట వారికి చేయు అపకారము.

అయితే ఏ కథ చెప్పవలెను? నా మట్టుకు నాబోతు కథ చెప్పుదును (1 రాజులు 21). బుర్రకథకు ఇంతకంటె అమరిన కథ లేఖనములో తక్కువ. రాజనగరు ప్రక్కను ద్రాక్షతోట. పిత్రార్జితము, అమ్మను అన్న సామాన్యుడు. అన్నము మాని మంచమెక్కి గోడవైపు తిరిగి పండుకొన్న రాజు. ఇక్కడ హాస్యపు వంతకు చేతినిండ పని. రాణి రాజు పేరట తాకీదులు వ్రాసి ముద్ర వేయును, ఊరి పెద్దలు ఉపవాసదినము చాటించి సభ కూర్చుదురు, ఇద్దరు కూటసాక్షులు వత్తురు, తీర్పు క్షణములో ముగియును, రాళ్లు పడును. అంతయు చట్టప్రకారమే! తరువాత రాజు తోటలో అడుగు పెట్టగా అక్కడ ఏలీయా ఎదురగును. కడపట అహాబు బట్టలు చింపుకొని గోనెపట్ట కట్టుకొనుటయు ఉన్నది. దానిని విడువరాదు, విడిచినయెడల కథ పగకే పనికివచ్చును. నాబోతు మాత్రము లేచి రాడు. దానిని కప్పిపుచ్చరాదు.

దీనిని బుర్రకథగా కట్టగలవారు మన సంఘములలో లేకపోలేదు. ఒక గంటన్నర కథ చాలును. కోతలై, ధాన్యము ఇల్లు చేరి, సంక్రాంతి వెళ్లిన పిమ్మటి వెన్నెల రాత్రులు దీనికి అనుకూలము. పట్టణపు జట్టులో గొంతున్న పిల్లవాడుంటే కథకునిగా నిలువనిండు, హాస్యమునకు వారిలోనే ఒకనిని పెట్టుకొనుడి. రాజకీయపు వంతకు మాత్రము ఆ ఊరి సంఘస్థుడే నిలువవలెను. ఏ కాలువగట్టున, ఏ పొలములో, ఏ సంవత్సరమున అని వ్రాసి ఇవ్వకయే చెప్పగలవాడు అతడు.